ట్యూబ్ ఉన్న పాత స్టాకా, ట్యూబ్‌లెస్ కొత్తదా: రెండు హిమాలయన్ 450లూ వాడాక

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయన్ 450 బైకు కొందామని వెళ్తే "సార్, పోయినేడాది బండి ఒకటి ఉంది, మంచి డిస్కౌంట్ ఇస్తాం" అన్నారనుకోండి, ధర సంగతి తర్వాత, ముందు దాని చక్రాలు చూడండి. 452 సీసీ ఇంజన్, 40 హార్స్‌పవర్, గుండ్రటి స్క్రీన్‌లో మ్యాపు, ఇవన్నీ మీరు ఇప్పటికే పది వీడియోల్లో చూసి ఉంటారు, వాటిలో రెండింటికీ తేడా లేదు కాబట్టి నేను వాటి జోలికి పోను. 2023 నవంబర్‌లో ఈ బండి వచ్చినప్పుడు స్పోక్ చక్రాల్లో ట్యూబులు ఉండేవి. 2024లో స్పోకులతోనే ట్యూబ్‌లెస్ చక్రాలు వచ్చాయి. నా దృష్టిలో ఈ రెండు బళ్ల మధ్య ఎంచుకోవడం అంటే ఈ చక్రాల మధ్య ఎంచుకోవడమే.

మా కుటుంబంలో రెండూ ఉన్నాయి. నాది ట్యూబ్‌లెస్. మా బావమరిదిది అంతకు ముందు ఏడాది తయారైన ట్యూబు బండి, డిస్కౌంట్‌లో తీసుకున్నాడు. ఏజెన్సీ కొండల వైపు ఎప్పుడు వెళ్లినా ఇద్దరం కలిసే వెళ్తాం, దారిలో బళ్లు మార్చుకుంటూ ఉంటాం, కాబట్టి రెండింటి గురించీ స్వయంగా తెలిసే చెబుతున్నా.

వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఈ చక్రాల గొడవ ఎందుకంత ముఖ్యమో బయటివాళ్లకి చెప్తేగానీ తెలీదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద తిరిగినంత సేపూ ఏ టైరైనా ఒకటే, పంక్చర్ పడితే అరకిలోమీటరులో షాపు ఉంటుంది. కానీ ఈ బండి కొనేది అందుకు కాదు కదా. చోడవరం, మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కాక, లేదా చింతపల్లి దాటి జీకే వీధి వైపు తిరిగాక, సిగ్నల్ పోతుంది, షాపులు పోతాయి, ఉన్న ఒకటీ అరా షాపూ చీకటి పడేసరికి మూసేస్తారు. అక్కడ దొరికే ట్యూబులు స్ప్లెండర్లకీ ఆటోలకీ సరిపోయేవి. మన ముందు చక్రం 21 అంగుళాలది. ఆ సైజు ట్యూబు నాకు వైజాగ్‌లోనే రెండు మూడు షాపులు తిరిగితేగానీ దొరకలేదు, ఇక సీలేరు రోడ్డులో ఎవరు పెట్టుకుని కూర్చుంటారు?

మా బావమరిది బండికి పంక్చర్ పడింది సరిగ్గా ఆ రోడ్డులోనే. వానాకాలం, ఆర్వీ నగర్ కాఫీ తోటలు దాటి దారకొండ వైపు వెళ్తున్నాం. వాడు ముందు, నేను వెనక. ఒక మలుపు తిరుగుతుంటే వాడి బండి వెనక భాగం ఒక్కసారిగా అటూ ఇటూ ఊగింది. ట్యూబు టైరుతో వచ్చే భయం ఇదే, మేకు దిగి ట్యూబు చిరిగిందంటే గాలి నెమ్మదిగా పోదు, మనకి ఆలోచించుకునే టైమ్ ఇవ్వదు. వాడు బ్రేకు జోలికి పోకుండా గేరు తగ్గించి పక్కకి తీశాడు కాబట్టి సరిపోయింది. దిగి హెల్మెట్ తీసి, "బావా, టైరు పూర్తిగా కూర్చుండిపోయింది" అన్నాడు, మొహంలో రంగు లేదు.

ఇక మొదలైంది. సామాన్లన్నీ దింపాం. వెనక చక్రం గాల్లోకి లేవాలి కాబట్టి ఇద్దరం కలిసి బండిని ఒక పక్కకి ఎత్తి ఇంజన్ కింద రాళ్లు పేర్చాం, తడి నేల కావడంతో ఆ రాళ్లు దిగబడుతుంటే మళ్లీ పేర్చాం. యాక్సిల్ నట్టు విప్పి, చైను దించి, బ్రేక్ కాలిపర్ పక్కకి తప్పించి చక్రం బయటికి తీయడం ఒక పని. రిమ్ముకి అతుక్కుపోయిన టైరు అంచుని విడదీయడం ఇంకో పని, దానికి వాడు బూట్లతో టైరు మీద ఎక్కి నిలబడి తొక్కాల్సి వచ్చింది. ట్యూబు బయటికి తీస్తే కన్నం కాదు, చిటికెన వేలు దూరేంత చీలిక. కిట్‌లో ప్యాచ్ ఉంది, కానీ సొల్యూషన్ ట్యూబు ఎప్పుడు మూత తీశామో, సగం గట్టిపడిపోయి ఉంది. ఉన్నది పిండి అంటించాం. టైరు తిరిగి ఎక్కించేటప్పుడు టైరు ఎత్తే ఇనుప లివరు అంచు తగిలి ట్యూబుకి ఇంకో చోట చిన్న గాటు పడింది, అది గాలి కొట్టాకగానీ తెలియలేదు. అంటే మొత్తం మళ్లీ విప్పాలి.

ఆ లోపు సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దాయన ఆగాడు. కాసేపు చూసి, "ఏటి బాబూ, ఇంత బండికి లోపల మళ్లీ ట్యూబేనా" అన్నాడు. అదే మాట నేనూ లోపల అనుకుంటున్నా. ఆయనే వెనక్కి వెళ్లి ఊళ్లోంచి ఆటో నడిపే కుర్రాణ్ణి పిలుచుకొచ్చాడు, ఆ కుర్రాడి దగ్గర మంచి సొల్యూషను, ఉప్పు కాగితం ఉన్నాయి, రెండు చోట్లా తనే గీకి ప్యాచ్ వేశాడు, డబ్బులు తీసుకోమంటే ఎంత బతిమాలినా తీసుకోలేదు. బయల్దేరేసరికి చీకటి పడిపోయింది. సీలేరు వెళ్లాల్సినవాళ్లం చింతపల్లికి వెనక్కి వచ్చేశాం. ఇందులో ఎవరి లోపమూ లేదు, మేకు ఏ బండికైనా దిగుతుంది. కానీ అదే మేకు నా బండికి దిగి ఉంటే మేం ఆ రాత్రి సీలేరులో ఉండేవాళ్లం.

ఈ మాట ఊరికే అనడం లేదు, నా బండికీ దిగింది. అది ఎప్పుడు దిగిందో కూడా నాకు తెలీదు, అదే నాకు బాగా నచ్చిన విషయం. అరకు నుంచి గాలికొండ, అనంతగిరి, టైడా మీదుగా ఘాట్ అంతా దిగి, ఎస్.కోట, కొత్తవలస, పెందుర్తి దాటి ఇంటికొచ్చాను. బండిలో ఏ తేడా కనిపించలేదు. మర్నాడు పొద్దున చైన్‌కి లూబ్ కొడదామని వెనక చక్రం తిప్పుతుంటే టైరు మధ్యలో మేకు తల మెరుస్తోంది, రోడ్డుకి రాసుకుని రాసుకుని నున్నగా అయిపోయి ఉంది. గాలి చూస్తే కొద్దిగానే తగ్గింది. పటకారుతో లాగి, సూదితో కన్నం గీకి, కన్నం మూసే రబ్బరు ప్లగ్గు గుచ్చి, బ్యాటరీతో నడిచే చిన్న పంపుతో గాలి పెట్టాను, చక్రం విప్పకుండానే. కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది. ఆ ప్లగ్గుతోనే ఆ తర్వాత లంబసింగికీ వంజంగికీ తిరిగాను.

స్పోకులుండి ట్యూబు లేకుండా ఎలా అని చాలామంది అడుగుతారు. మామూలు స్పోక్ చక్రంలో స్పోకులు రిమ్ము మధ్యలోకి దిగుతాయి, ఒక్కోదానికి ఒక్కో కన్నం ఉంటుంది, ఆ కన్నాల్లోంచి గాలి పోతుంది కాబట్టి లోపల ట్యూబు తప్పదు. ఈ చక్రంలో స్పోకులు అడ్డంగా వచ్చి రిమ్ము అంచున బయటే తగులుకుంటాయి, గాలి ఉండే చోట స్పోకు కన్నాలే లేవు. రాళ్ల మీద అల్లాయ్ చక్రమైతే పగిలే ప్రమాదం, స్పోకైతే కొంచెం సాగి తట్టుకుంటుంది. ఆ బలం ఉంటూనే ప్లగ్గుతో పని అయిపోయే సుఖం కూడా దొరికింది. ఈ ఒక్క కారణంతోనే మొదటి ఏడాది నేను కనిపించినవాళ్లందరికీ ట్యూబ్‌లెసే తీసుకోమని గట్టిగా చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా కాదు, కొంచెం షరతులతో చెబుతున్నా. బొర్రా నుంచి కటికి జలపాతం వైపు జీపులు వెళ్లే దారి చూసినవాళ్లకి తెలుసు, అది దారి అనడం కంటే రాళ్ల వాగు అనొచ్చు. అక్కడ దిగేటప్పుడు ముందు చక్రం ఒక కోసుగా ఉన్న రాయికి బలంగా కొట్టుకుంది. రిమ్ము అంచు ఒక చోట లోపలికి నొక్కుకుంది, వేలుతో తడిమితే తెలిసేంత. ట్యూబు బండైతే ఆ నొక్కుతో ఏమీ అయ్యేది కాదు, గాలి ట్యూబులో ఉంటుంది కాబట్టి అలాగే నడిపేసుకుని ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. ట్యూబ్‌లెస్‌లో గాలిని ఆపేది ఆ అంచే. సబ్బు నీళ్లు పోస్తే అక్కడే సన్నగా బుడగలు. ఆ రోజు ఆగి ఆగి గాలి కొట్టుకుంటూ దిగాను, తర్వాత కొన్నాళ్లు రోజూ పొద్దున పంపు తీయడం అలవాటైపోయింది.

గాజువాకలో స్పోకులు కట్టే పాత మేస్త్రి ఒకాయన దగ్గరికి తీసుకెళ్లా. చక్రాన్ని స్టాండుకి ఎక్కించి తిప్పి చూసి, స్పోకులు అంచున ఉండటం ఆయనకీ కొత్తే, చాలాసేపు చూశాడు. చెక్క సుత్తితో నిదానంగా కొట్టి అంచు చాలావరకు సరిచేశాడు, లీకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "దీంట్లో ట్యూబు వేసేసుకో బాబూ, నిశ్చింతగా ఉంటాది" అన్నాడు. కొన్నాళ్లు అలాగే ముందు చక్రంలో ట్యూబు పెట్టి తిరిగాను. అవును, ట్యూబ్‌లెస్ కోసం ఎక్కువ డబ్బు పెట్టిన నేనే. ఆ వీలు ఉండటం కూడా ఈ చక్రంలో మంచి సంగతే, వాల్వు తీసేస్తే ట్యూబు పడుతుంది. టైరు పక్క గోడ కోసుకుపోతే కూడా ప్లగ్గు పనికిరాదని గుర్తుంచుకోండి, ప్లగ్గు రోడ్డుకి ఆనే భాగానికే. అందుకే నేనిప్పుడు ప్లగ్గుల కిట్‌తో పాటు ఒక 21 అంగుళాల ట్యూబు, రెండు లివర్లు కూడా సంచిలో పెట్టుకుంటున్నా.

ఇంకో మాట, ఇది రెండు రకాల చక్రాలకీ వర్తిస్తుంది. మాది పెదవాల్తేరు, సముద్రం పక్కనే. ఉప్పు గాలికి ఈ ఊళ్లో ఏ ఇనుమూ బతకదు, స్పోకుల చివరల దగ్గర తుప్పు ముందుగా మొదలవుతుంది. బీచ్ రోడ్డులో తిరిగాక మంచినీళ్లతో చక్రాలు కడిగి ఆరబెడితే చాలావరకు తప్పుతుంది. పాత స్టాకు కొనేవాళ్లు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి, నెలల తరబడి గోడౌన్‌లో ఉన్న బండి స్పోకుల మొదళ్లు టార్చి వేసి చూడండి.

పాత స్టాకు మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. మా బావమరిదికి షోరూమ్‌లో "పోయిన నెలే వచ్చింది సార్" అన్నారు. బండి వాళ్ల దగ్గరికి ఎప్పుడొచ్చిందన్నది మనకి అనవసరం, ఎప్పుడు తయారైందన్నదే కావాలి. అది ఫారం 21లో, అంటే షోరూమ్ వాళ్లు ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్‌లో ఉంటుంది, తర్వాత ఆర్సీలోనూ అదే పడుతుంది, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు చూసేదీ అదే. టైరు పక్కన నాలుగంకెలు కూడా చూడండి, 3223 అని ఉంటే 2023లో 32వ వారం తయారైందని. మావాడు ఇవన్నీ చూపించి అడిగితే డిస్కౌంట్ ఇంకాస్త పెంచారు. వాడికి అప్పట్లో ఈఎంఐ తగ్గడం ముఖ్యం, గాజువాక నుంచి రోజూ డ్యూటీకి వెళ్లొచ్చేది దాని మీదే, అడవుల్లోకి నాతో వచ్చినప్పుడే వస్తాడు. వాడి లెక్కలో ఆ బండి ఇప్పటికీ సరైనదే, నేను కాదనను.

లెక్క ఇంకో రకంగా కూడా వేయొచ్చు. ట్యూబ్‌లెస్ చక్రాలు పాత బండివాళ్లకీ విడిగా అమ్మారు. డిస్కౌంట్ ఆ చక్రాల ఖరీదు కంటే బాగా ఎక్కువ వస్తుంటే, పాత స్టాకు తీసుకుని చక్రాలు మార్చుకుంటే డబ్బు మిగిలి సుఖమూ దక్కుతుంది. ఇప్పుడు మీ బండికి అవి దొరుకుతాయా, ఎంతకి దొరుకుతాయి అన్నది సంతకం పెట్టక ముందే రాతలో అడగండి. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బళ్లకి జీఎస్టీ 40 శాతం అయింది, ముందు సెస్సుతో కలిపి 31 ఉండేది, కాబట్టి మేం కొన్నప్పటి లెక్కలు యథాతథంగా మీకు సరిపోవు.

నా మటుకు నాకైతే, ఏజెన్సీ రోడ్ల మీద ఇంతగా తిరిగే మనిషిని, ఒంటరిగా కూడా వెళ్తుంటాను, అందుకే మళ్లీ కొన్నా ట్యూబ్‌లెసే కొంటాను. కటికి లాంటి దారుల్లో వారం వారం దిగేవాళ్లు మాత్రం ట్యూబు వైపు మొగ్గినా నేను వాదించను. మావాడి వెనక టైరు అరుగుతోంది, మార్చేటప్పుడు చక్రాల సెట్టు కూడా మార్చేస్తానంటున్నాడు, దారకొండ తర్వాత ట్యూబే చాలన్న వాడి పట్టు కాస్త సడలింది. మారిస్తే ఇద్దరికీ కలిపి ఒకే ప్లగ్గుల కిట్టు, ఒకే పంపు, ముందుకో ట్యూబు వెనక్కో ట్యూబు తీసుకెళ్తే చాలు, సామాన్ల బరువు కూడా కొంత తగ్గుతుంది.