కాస్ట్ షేర్ గ్రాంట్ తీసుకున్నా: డబ్బులొస్తాయి, కానీ ముందు మన జేబులోంచే పోతాయి

నీటి నాణ్యత కోసం రైతులకిచ్చే కాస్ట్ షేర్ గ్రాంట్ (ఖర్చులో కొంత ఇచ్చేవాళ్లు, మిగతాది రైతు భరించే సాయం) అనగానే "సగానికి పైగా ఖర్చు వాళ్లదేనట" అన్న ఒక్క మాటే చెవిన పడుతుంది. నాకూ అంతే, మిగతా సంగతి దిగాక తెలిసింది. అయినా ఐదుకి మూడున్నర ఇస్తా.

మా పశువులు నీళ్లకి నేరుగా వాగులోకి దిగేవి. దిగేచోట గట్టు గిట్టల కింద నలిగి జారుబండలా అయిపోయి, వాన పడిన ప్రతిసారీ మట్టీ పేడా కలిసి కిందికి పోయేవి. గ్రాంట్ కింద వాగు వెంట కంచె వేసి, మెరక మీద తొట్టి కట్టించి, మధ్యలో గడ్డి, చెట్లతో ఒక పట్టీ వదిలాం. నేల వృథా అనుకున్నా గానీ, పొలం నుంచి వచ్చే వాననీరు ఆ గడ్డిలో నెమ్మదించి మట్టిని అక్కడే దించేస్తుంది, ఫాస్ఫరస్ ఎక్కువగా మట్టిని అంటుకునే పోతుంది కాబట్టి అదీ చాలావరకు ఆగుతుంది. ఆగకపోతే దిగువ చెరువులో నాచు పట్టి, అది కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి చేపలు చచ్చి తేలతాయి. నైట్రేట్ మాత్రం నీళ్లలో కరిగి భూమిలోకి దిగిపోయే రకం, దానికి ఎరువు చూసి వేయాలి, పంట లేనప్పుడు నేలను కప్పి ఉంచే పైరు (కవర్ క్రాప్) వేయాలి.

ఇక ఒళ్లు మండే భాగం. ముందు మనమే కొని, కట్టించి, బిల్లులు పెడితే, వాళ్లొచ్చి కొలతలు చూసుకున్నాకే డబ్బు. నేనేమో అప్లికేషన్ పెట్టేశాం కదా అని కంచె స్తంభాలు ముందే దింపించుకున్నా. మంజూరు సంతకానికి ముందు తేదీ ఉన్న బిల్లు చెల్లదన్నారు, స్తంభాల ఖర్చు మొత్తం నా నెత్తినే పడింది. రూల్ కాగితంలో ఉంది, కాదనను. కానీ అప్లికేషన్ తీసుకున్నాయన ఆ ఒక్క ముక్క నోటితో చెబితే ఏం పోయేది?

అమెరికాలో 1996 వ్యవసాయ చట్టంతో వచ్చిన ఈక్విప్ అనే ఇలాంటి సాయం పథకంలో, కొత్తగా సాగులోకి వచ్చినవాళ్లు, వనరులు తక్కువున్నవాళ్లు సగం సొమ్ము ముందే తీసుకోవచ్చు, 90 రోజుల్లో ఖర్చు పెట్టకపోతే వెనక్కి ఇచ్చేయాలి. చేతిలో రొక్కం లేనివాడికి కావాల్సింది ఇదీ. నేను తీసుకున్నదాంట్లో అలాంటిదేం లేదు, ఆ మధ్య నెలలన్నీ టెన్షనే.

ఒకటి మాత్రం బాగా నచ్చింది, మన సొంత కష్టాన్ని కూడా మన వాటాలో కలిపారు. ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశామో రాసి ఉండాలంతే. క్యాలెండర్ గడుల్లో పెన్సిల్‌తో గీకిన గంటలే నన్ను గట్టెక్కించాయి.

సంతకానికి ముందు మెయింటెనెన్స్ పేజీ తప్పకుండా చదవండి. కట్టినదాన్ని ఒప్పందంలో రాసినన్నేళ్లు మనమే బాగు చేసుకుంటూ ఉండాలి, వదిలేస్తే తీసుకున్నది తిరిగి కట్టమంటారు. మొన్న వాగు పొంగి కంచె ఒక మూల కొట్టుకుపోతే ఆ రిపేరు నాదే అయింది. ఈసారి ఆ ముక్క వరకు వరదొస్తే ఊడిపోయేలా తేలిక తీగతో కట్టా, స్తంభాలైనా మిగులుతాయని.