వీల్‌చైర్‌కి తగ్గట్టు మార్చిన వంటగది: కొన్నేళ్లు వాడాక

వంటగది మార్పించుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది గట్టు ఎత్తు గురించే. ఎత్తు కంటే ముఖ్యం గట్టు కింద ఖాళీ. మోకాళ్లు లోపలికి పోకపోతే కుర్చీని పక్కకి తిప్పుకుని, నడుం మెలిపెట్టి కూరలు తరగాలి. కాసేపటికే భుజం పట్టేస్తుంది.

మాది తెనాలిలో పాత ఇల్లు. 34 అంగుళాల గట్టు, కింద కడప బండల అరలు. ఒక మాడ్యులర్ కిచెన్ కంపెనీ వాళ్లు ఎత్తు తగ్గిస్తామన్నారు గానీ, కింద క్యాబినెట్లు ఉండాల్సిందేనని పట్టుబట్టారు. వద్దనుకుని తాపీమేస్త్రితోనే చేయించాం. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం (ఏడీఏ) ప్రమాణాల ప్రకారం మోకాళ్లకు కనీసం 27 అంగుళాల ఎత్తు, 30 అంగుళాల వెడల్పు వదలాలి. మా గట్టు 31 అంగుళాలు. రాయి మందం పోను కింద 29 మిగిలింది.

నాకు బాగా కలిసొచ్చింది పొయ్యి, సింక్ ఒకే వరసలో ఉండటం. అన్నం వార్చాలంటే గిన్నెను ఒళ్లో పెట్టుకోనక్కర్లేదు. మసిగుడ్డతో పట్టుకుని గ్రానైట్ మీదే జరుపుకుంటూ సింక్ దాకా తెస్తాను. నాకు కాళ్లలో స్పర్శ లేదు. వేడి గంజి ఒలికినా వెంటనే తెలియదు. అందుకే సింక్ కింద వేడినీళ్ల పైపుకి కూడా తొడుగు వేయించాను. మీరూ తప్పకుండా వేయించండి.

సింక్ లోతు 6 అంగుళాలే, నీళ్లు పోయే రంధ్రం వెనక వైపుంది. పెద్ద గిన్నెలు తోమితే నీళ్లు చింది బట్టలు తడుస్తాయి. లోతు పెంచితే మోకాళ్లకు చోటుండదు కాబట్టి సర్దుకుంటున్నాను.

గ్యాస్ పొయ్యి మీద గిన్నె పెడితే లోపల ఏముందో కనబడదు. వెనక గోడకు అద్దం కాస్త ముందుకు వంచి బిగించాం. పోపులో ఆవాలు చిటపటలాడటం, ఉల్లిపాయ రంగు తిరగడం అందులో చూసుకుంటాను. నూనె చిందుతుంది, రోజూ తుడవాలి. ఇండక్షన్ ఇంకా సుఖమే గానీ, అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు దాని మీద కుదరదు.

డబ్బు దండగయింది పై అరని కిందికి లాగే ర్యాక్ ఒక్కటే. సామాను నిండితే తిరిగి పైకి తోయడానికి బలం చాలదు. దాని బదులు పూర్తిగా బయటికొచ్చే సొరుగులు ఇంకో రెండు పెట్టించుకోండి.

గడప తీసేస్తామంటే అత్తయ్యగారు బాధపడ్డారు. నేలకు సమంగా చెక్క పట్టీ వేయించి దానికే పసుపు రాస్తున్నాం.

తగ్గించిన గట్టు దగ్గర మావారికి నడుం నొప్పి వస్తోంది. ఇంట్లో నిలబడి వండేవాళ్లుంటే ఒక మూడడుగులు పాత ఎత్తులోనే వదిలేయమని మేస్త్రికి ముందే చెప్పండి.