రాత్‌క్రోహన్ గుహ టూర్: పాత బట్టలు వేసుకెళ్ళండి

ఐర్లండ్‌లో డబ్లిన్ నుంచి కార్లో దాదాపు రెండు గంటలు, రోస్‌కామన్ కౌంటీలో టల్స్క్ అనే చిన్న ఊరు, అక్కడి విజిటర్ సెంటర్ వాళ్ళు దగ్గరుండి తిప్పే టూర్ ఇది. కోటలూ గోపురాలూ ఏమీ ఉండవు, ముందే చెప్తున్నా. దిగగానే మావారు "ఇంత దూరం వచ్చింది ఈ గడ్డి దిబ్బ కోసమా" అన్నారు. నిజమే, దిబ్బే, ఓ 90 మీటర్ల వెడల్పు ఉంటుందేమో, చుట్టూ పొలాలు.

గైడ్ కథ ఎత్తుకున్నాక మాత్రం ఇద్దరం నోరు మూసుకున్నాం. పాత ఐరిష్ కథల్లో కొనాక్ట్ అనే పడమటి రాజ్యానికి రాణి మేవ్, ఆవిడ ఉన్న చోటు ఇది. ఓ రాత్రి మొగుడు అలిల్‌తో పడుకుని, నీ ఆస్తి ఎక్కువా నా ఆస్తి ఎక్కువా అని లెక్కలేసుకుంటే అన్నీ సమానంగానే తేలాయి, ఒక్క తెల్లకొమ్ముల ఎద్దు తప్ప, అదేమో పుట్టింది ఈవిడ మందలోనే, ఆడదాని సొత్తుగా ఉండనని పోయి మొగుడి మందలో చేరిందట! దానికి సాటి ఎద్దు తనకీ కావాలని, అలాంటిది ఉన్న ఉత్తరాది రాజ్యం ఉల్స్టర్ మీదకి సైన్యాన్నే నడిపించింది. మనకి ఉత్తర గోగ్రహణం గుర్తొస్తుంది కదా, ఇక్కడ మాత్రం మూలం మొగుడూపెళ్ళాల పంతం. మేవ్ పేరు తేనె పులియబెట్టి చేసే మీడ్ అనే మద్యం మాటకి చుట్టం, మన మధువూ అదే వంశం. మావారికి అక్కణ్ణుంచి చరిత్ర మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

అసలు సంగతి గుహ. ఓవెన్‌నగాట్, అంటే పిల్లుల గుహ. ముళ్ళచెట్టు కింద చిన్న కన్నం, కూర్చుని జారాల్సిందే. లోపలికి దిగేచోట అడ్డంగా పెట్టిన రాతి మీద ఓఘమ్ అనే పాత ఐరిష్ లిపి గీతలున్నాయి, టార్చ్ పక్కనుంచి వేస్తేగానీ కనపళ్ళేదు, 'మేవ్ కొడుకు ఫ్రేక్‌ది' అని చదువుతారట. ఆ లిపిలో కొన్ని అక్షరాల పేర్లు చెట్ల పేర్లే, బెహ్ అంటే బర్చ్, దార్ అంటే ఓక్, అచ్చం మన పిల్లలకి అ అంటే అరటి అన్నట్టు.

సావిన్ పండగ, అంటే అక్టోబర్ 31 రాత్రి, ఈ కన్నంలోంచి పక్షులు బయటికొచ్చి వాటి ఊపిరి తగిలిందల్లా మాడిపోయేదని పాత కథ. మేం వెళ్ళింది నవంబర్లో. లోపల లైట్లు ఆర్పించి ఒక నిమిషం ఉంచారు, పైకొచ్చి చూస్తే కంచెల్లో ఒక్క ఆకు లేదు, ఆ కథ ఎవరు కట్టారో గానీ ఇదే నెలలో ఇక్కడే నిలబడి కట్టుంటారనిపించింది.

లోపల బురద మామూలుగా లేదు, నా ప్యాంటు ఇక పనికిరాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని గుహలోకి దింపకండి, పైన దిబ్బలు చూపించండి చాలు. కారు లేకపోతే రావడం కష్టం. పోయినేడు వేరే ఒక బస్ టూర్లో రోజంతా ఫోటోలు దిగడం తప్ప ఏమీ తెలుసుకోలేదు, దానికంటే ఇది వంద రెట్లు నయం. 5కి 4.5, ఆ అర పాయింటు నా ప్యాంటుకి.