పుంజు కాలేయమా, పెట్ట అండవాహికా: క్రొమాటిన్ పాఠానికి ఏది మేలు?

విశాఖపట్నంలో జీవశాస్త్రం పీజీ చదివే విద్యార్థులు, డీఎన్ఏ, అది చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లు కలిసిన క్రొమాటిన్‌ను సడలించి హార్మోన్లు పక్షుల జన్యువులను ఎలా మేల్కొలుపుతాయన్న అంశంపై సెమినారుకు సిద్ధమయ్యేటప్పుడు, ఏ ఉదాహరణ తీసుకోవాలని నన్ను అడుగుతుంటారు. ఎంవీపీ కాలనీలో ఏ కిరాణా కొట్టులో కొన్న గుడ్డునైనా పగలగొడితే రెండు ఉదాహరణలూ గిన్నెలోనే కనబడతాయి. తెల్లసొన ప్రోటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ పెట్ట అండవాహికలో తయారవుతుంది. పచ్చసొనకు మూలమైన వైటెల్లోజెనిన్ కాలేయంలో తయారై, రక్తం వెంట అండాశయానికి చేరుతుంది. రెండింటినీ పురికొల్పేది ఈస్ట్రోజెనే.

అండవాహికలో జన్యువు ఆగడం, మళ్లీ మొదలవడం స్పష్టంగా కనబడతాయి. కోడిపిల్లకు కొన్నాళ్లు ఈస్ట్రోజెన్ ఇచ్చి ఆపితే ఓవాల్బుమిన్ తయారీ నిలిచిపోతుంది. తిరిగి ఇస్తే మొదటిసారి కంటే త్వరగా అందుకుంటుంది. జన్యువు ఆరంభానికి దగ్గరగా, డీఎన్ఏస్-1 ఎంజైము సులువుగా తెంచగలిగే చోట్లు హార్మోను ఉన్నప్పుడు తెరుచుకుని, లేనప్పుడు మూసుకుంటాయి. అయితే మొదటి మోతాదుతో అక్కడ గ్రంథి కణాలే కొత్తగా రూపుదిద్దుకుంటాయి కనుక, ఏ మార్పు హార్మోను నేరుగా తెచ్చినదో, ఏది కణం ఎదగడం వల్ల వచ్చినదో విడదీయడం కష్టం.

పుంజు కాలేయంలో ఈ చిక్కు లేదు. కణాలు అప్పటికే పూర్తిగా ఎదిగినవి. పుంజుకు వైటెల్లోజెనిన్ అవసరమే లేదు. అయినా ఒక్క ఈస్ట్రోజెన్ ఇంజెక్షనుతో ఆ జన్యువు పని మొదలుపెడుతుంది. హార్మోనును అందుకున్న గ్రాహకం డీఎన్ఏపై తనకు తగిన వరుసను పట్టుకుని, హిస్టోన్లకు ఎసిటైల్ అనే రసాయన గుర్తులు చేర్చే ప్రోటీన్లను రప్పించడంతో, ఒక్కో హిస్టోన్ గుత్తి చుట్టూ 147 క్షార జతల మేర చుట్టుకున్న డీఎన్ఏ బిగువు సడలుతుంది. 1983లో బర్చ్, వైన్‌ట్రాబ్ అనే పరిశోధకులు ఈ జన్యువు పరిసరాల్లో కొత్తగా తెరుచుకున్న చోట్లను గుర్తించారు. హార్మోను పోయి తయారీ ఆగిన తరువాత కూడా వాటిలో కొన్ని తెరిచే ఉన్నాయి. రెండో ఇంజెక్షనుకు కాలేయం ఇంకా వేగంగా స్పందిస్తుంది కూడా. నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే.

కాబట్టి ఒక్క ఉదాహరణకే సమయముంటే పుంజునే ఎంచుకోమంటాను. ఇంజెక్షనుకు ముందు, తరువాత, హార్మోను పోయాక అని మూడు వరుసల బొమ్మ బోర్డుమీద గీస్తే, ప్రోటీను తయారీ లేని మూడో వరుసలోనూ తెరిచిన చోటు గుర్తు అలాగే నిలిచి కనబడుతుంది.