ఇంట్లో చేసిన లేడెన్ జాడీ: ఏళ్ల తరబడి వాడాక

చేత్తో తిప్పి స్థిర విద్యుత్తు పుట్టించే విమ్స్‌హర్స్ట్ యంత్రం ఒక్కదాన్నే తిప్పితే వచ్చే నిప్పురవ్వ దారప్పోగులా సన్నగా ఉంటుంది. దానికి ఛార్జ్‌ను నిలవ చేసే లేడెన్ జాడీ కలిపితే అదే రవ్వ తెల్లగా మెరిసి ఫట్‌మని పేలుతుంది. ఆ తేడాను పిల్లలకు చూపించాలనే కాకినాడలో మా ఇంట్లో ఈ జాడీలు చేసి వాడుతున్నాను. ఉప్పునీళ్ల సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు, గాజు జాడీలు అన్నీ వాడి చూశాక చెబుతున్నా: గాజుదే మేలు, అదీ లక్క పూసినదైతేనే.

లీటరు గాజు సీసాకు లోపలా బయటా వంటింటి ఫాయిల్ అంటిస్తే సుమారు 1 నానోఫ్యారడ్ కెపాసిటెన్స్ (ఛార్జ్ నిలవ చేసుకునే సామర్థ్యం) వస్తుంది. 20 వేల వోల్టుల దగ్గర అందులో నిలిచే శక్తి 0.2 జౌళ్లు. ఇంకాస్త కెపాసిటెన్స్ కోసం ఫాయిల్‌ను మూతి దాకా అంటిస్తే రవ్వ అంచు మీదుగా బయటికి దూకేస్తుంది. పైన మూడో వంతు గాజు ఖాళీగా ఉండాల్సిందే. అంతకంటే ముఖ్యం ఫాయిల్ అంచు. అక్కడ ముడతలు, మొనలు ఉంటే లైటు ఆర్పగానే నీలి వెలుగు కనిపిస్తుంది, బుస్సుమని చప్పుడు, ఓజోన్ వాసన. ఎంత తిప్పినా ఛార్జ్ అక్కడే కారిపోతుంది. అందుకే అంచు మడిచి, చెంచా వెనకవైపుతో నున్నగా రుద్దుతాను.

మా ఊరి ఉప్పుగాలికి గాజు మీద కంటికి కనిపించని తేమ పొర పడుతుంది, ఛార్జ్ దాని మీదుగా పాకిపోతుంది. ఖాళీ గాజుకు వడ్రంగులు వాడే లక్క పాలిష్ రెండు పూతలు వేసి ఎండబెట్టాక చాలా మార్పు వచ్చింది. వానాకాలంలో మాత్రం హెయిర్ డ్రయ్యర్ కూడా పట్టాల్సిందే.

ప్లాస్టిక్ డబ్బా తేమను బాగానే తట్టుకుంటుంది. గోడ పల్చన కాబట్టి కెపాసిటెన్స్ కూడా ఎక్కువే. కానీ ఏదో ఒక రోజు సూదిమొనంత రంధ్రం పడి, చుట్టూ నల్లగా కాలుతుంది. ఇక అది పనికిరాదు. ఉప్పునీళ్ల సీసా ఒక్క పూట ప్రదర్శనకు చాలు.

జాడీ ఖాళీ అయిందని ఎప్పుడూ నమ్మొద్దు. రవ్వ కొట్టించాక కూడా గాజులో ఇంకిన ఛార్జ్ కొంత మెల్లగా తిరిగొస్తుంది. పీవీసీ గొట్టం పిడి ఉన్న వంపు రాగి తీగను ముందు బయటి ఫాయిల్‌కు, తర్వాత లోపలి ఫాయిల్‌తో కలిసి ఉండే పై లోహపు గుండుకు తాకించాలి. కాసేపాగి మళ్లీ తాకించాలి. దాచేటప్పుడు గుండును, బయటి ఫాయిల్‌ను తీగతో కలిపే ఉంచుతాను.

1746లో ఫ్రాన్స్‌లో నోలే అనే శాస్త్రవేత్త 180 మంది సైనికులను చేయీచేయీ పట్టించి జాడీతో షాక్ కొట్టించాడు. ఆ కథ వినగానే పిల్లలు మనమూ చేద్దామంటారు. నేను ఒప్పుకోను. ఎవరి గుండె ఎలా ఉందో మనకేం తెలుసు? జాడీలను సమాంతరంగా కలిపే కొద్దీ శక్తి కూడా పెరుగుతుంది, వోల్టేజ్ రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. చేతితో తిప్పే యంత్రం, ఒకటి రెండు జాడీలు, అంతవరకే. పాత మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ పెడదామని అడిగేవాళ్లున్నారు. అది ప్రాణం తీస్తుంది, దాన్ని మా బల్ల దగ్గరికి కూడా రానివ్వను.