గ్యాస్ గీజర్ వెలగకపోతే ముందు టకటక వినండి: ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష

నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లిచ్చే గ్యాస్ గీజర్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది దాని టకటక. కుళాయి తిప్పగానే లోపలినుంచి వినిపించే స్పార్కు శబ్దం అన్నమాట. డిస్‌ప్లే మీద కనిపించే డిగ్రీలు, మెరిసే గ్లాసు ప్యానెల్ కొనేటప్పుడు చూసుకోవడానికి బాగుంటాయి. గీజర్ మొండికేసిన రోజు ఆదుకునేది మాత్రం ఆ శబ్దమే. అది ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు వస్తోంది, తర్వాత ఏమవుతోంది అని గమనిస్తే కవరు విప్పకముందే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇంటికొచ్చే మెకానిక్కుల్లో చాలామంది ఇది వినకుండానే 'సర్క్యూట్ పోయింది సార్' అనేస్తారు. ఆ మాట మీద నాకు పీకలదాకా కోపం ఉంది, ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు లోపల జరిగేది తెలియాలి. కుళాయి తెరిస్తే నీళ్లు గీజర్ అడుగున ఉండే చిన్న డొల్ల గుండా పారతాయి. అందులో గుండ్రటి రబ్బరు డయాఫ్రమ్ బిగించి ఉంటుంది. నీళ్లు పారినప్పుడు దానికి రెండువైపులా ఒత్తిడిలో తేడా వచ్చి అది ఒకవైపుకు ఉబ్బుతుంది, ఒక సన్నటి పుల్లను తోస్తుంది. ఆ పుల్ల మైక్రోస్విచ్ మీటను కదుపుతుంది. అప్పుడు సెల్లులతో నడిచే సర్క్యూట్ బాక్సు స్పార్కు మొదలుపెట్టి, గ్యాసు దారిలోని సోలినాయిడ్ వాల్వు, అంటే కరెంటు అయస్కాంతంతో తెరుచుకునే వాల్వు, తెరుస్తుంది. మంట అంటుకున్నట్టు సెన్సర్ కడ్డీ గుర్తిస్తే స్పార్కు ఆగుతుంది. కొన్ని సెకన్లలో గుర్తించకపోతే గ్యాసు తనంతట తానే మూసుకుంటుంది. అంటే మంటకు మొదటి ఆజ్ఞ ఇచ్చేది నీళ్లు. గ్యాసు వంతు చివరికి గానీ రాదు.

కాబట్టి కుళాయి తిప్పితే అసలు చప్పుడే లేదంటే సిలిండరు ఊపి చూడటం దండగ. సెల్లులు అయిపోయాయో, నీళ్ల ఒత్తిడి చాలట్లేదో, డయాఫ్రమో, స్విచ్చో చూడాలి. టకటక గట్టిగా వస్తోంది, మంట మాత్రం రాదు అంటే అప్పుడు గ్యాసు వైపు వెళ్లాలి: రెగ్యులేటర్, గీజర్ కింది గ్యాసు కాక్, సిలిండర్‌లో మిగిలిన గ్యాసు. సిలిండర్ కొత్తగా మార్చి ఉంటే ట్యూబులో గాలి ఉంటుంది, కుళాయిని రెండుమూడుసార్లు కట్టి తిప్పితే వెలుగుతుంది. చప్పుడు నీరసంగా, ఆగి ఆగి వస్తే సెల్లులదే పని. స్పార్కు తెప్పించేంత శక్తి మిగిలి, సోలినాయిడ్‌ను లాగే శక్తి లేని స్థితి ఒకటుంటుంది. అక్కడే చాలామంది గ్యాసు లేదని పొరబడతారు. రెండు పెద్ద సెల్లులు కలిపి 3 వోల్టులు ఇవ్వాలి. రీచార్జి సెల్లులు ఒక్కోటి 1.2 వోల్టులే, రెండూ కలిపినా 2.4, దాంతో గీజర్ సతాయిస్తుంది. ఆల్కలైన్ వేయండి, రెండూ ఒకేసారి మార్చండి. ఎండాకాలం గీజర్ ఆపేసేటప్పుడు బయటికి తీసి పెట్టండి, కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి.

మంట వచ్చి, రెండుమూడు సెకన్లు వెలిగి ఆరిపోతే సెన్సర్ కడ్డీ మసి పట్టి ఉంటుంది, లేదా మంటకు తగలకుండా పక్కకు వంగి ఉంటుంది, లేదా దాని వైరు వదులై ఉంటుంది. సన్నటి గరుకు కాగితంతో కడ్డీని తుడిచి నిలబెడితే సరిపోతుంది. దబ్‌మని చప్పుడు చేసి అంటుకుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. గ్యాసు ముందు చేరి, స్పార్కు ఆలస్యంగా అందుతోందన్నమాట. కొత్త సెల్లులు వేసినా తగ్గకపోతే స్పార్కు కడ్డీ కొన, బర్నర్ రంధ్రాల్లో దుమ్ము చూపించేదాకా వాడొద్దు.

ఇక ఆ పీకలదాకా కోపం సంగతి. గీజర్ మొదట కుళాయి పూర్తిగా తిప్పితేనే వెలగడం మొదలుపెట్టింది. తర్వాత వంటింట్లో ఎవరైనా కుళాయి తిప్పితే బాత్రూంలో ఆరిపోయేది. చివరికి మొత్తం నోరు మూసుకుంది, టకటక కూడా లేదు. వచ్చిన మెకానిక్ సెల్లులు మార్చి చూసి, సర్క్యూట్ బాక్సు మార్చాలని ధర చెప్పాడు. ఒప్పుకోకుండా ఒక చిన్న పరీక్ష చేయమన్నాను. గ్యాసు రెగ్యులేటర్ దగ్గర కట్టేసి, కవరు తీసి, సెల్లులు పెట్టి, నీళ్లు రాకుండానే మైక్రోస్విచ్ మీటను వేలితో కదపడం. కదపగానే టకటకమని స్పార్కు వచ్చింది. బాక్సు బాగుంది, స్విచ్ బాగుంది, సెల్లులు బాగున్నాయి. మీటను కదపాల్సిన పుల్లే కదలట్లేదు.

సర్క్యూట్ మార్చే ముందు ఈ పరీక్ష చేయించండి, దీనికి ఒక్క నిమిషం చాలు. వేలితో కదిపితే చప్పుడు వచ్చిందంటే తప్పు నీళ్ల వైపు ఉంది. రాకపోతేనే స్విచ్చు, వైర్ల కనెక్టర్లు చూసి, ఆ తర్వాత బాక్సును అనుమానించాలి.

నీళ్ల డొల్ల విప్పే వరస ఇది. గ్యాసు కట్టాలి, సెల్లులు తీయాలి, గీజర్‌కు వెళ్లే నీళ్ల వాల్వు కట్టాలి, అడుగున ఉండే డ్రెయిన్ బిరడా విప్పి లోపలి నీళ్లు బకెట్‌లోకి వదలాలి. స్విచ్ ఏ వైపుకు బిగించి ఉందో విప్పకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. డొల్ల రెండు సగాలను కలిపే స్క్రూలను ఒకదాన్ని పూర్తిగా తీసేయకుండా ఎదురెదురువి కొంచెం కొంచెం వదులు చేయాలి. మా దాంట్లో బయటికొచ్చిన డయాఫ్రమ్ మధ్యలో సాగి జారిపోయి ఉంది. అంచు దగ్గర తెల్లటి ఉప్పు పొడి. వెలుతురుకు పెట్టి రెండు వేళ్లతో లాగితే మడత దగ్గర సూది మొన అంత చిల్లు కనబడింది. అంత చిల్లున్నా చాలు, రెండువైపులా ఒత్తిడి సమానమైపోయి రబ్బరు ఉబ్బదు. చిల్లు పెద్దదవుతున్న కొద్దీ ఎక్కువ ధార కావాల్సి వచ్చింది, అందుకే జబ్బు మెల్లగా ముదిరింది.

డయాఫ్రమ్ సైజులు మోడల్‌ను బట్టి మారతాయి, పాతది చేతిలో పట్టుకుని షాపుకు వెళ్లాలి. ధర సర్క్యూట్ బాక్సుతో పోలిస్తే లెక్కలోకే రాదు. కొత్తది పెట్టేముందు మూడు పనులు చేయాలి. డొల్లలో ఒత్తిడి అందుకునే సన్నటి రంధ్రాన్ని వైరులోని ఒక్క రాగి పోగుతో గుచ్చి ఉప్పు తీయాలి. పుల్ల సాఫీగా వెనక్కీ ముందుకీ జారుతోందో లేదో చూసి, దాని ఓ-రింగుకు (చుట్టూ ఉండే సన్నటి రబ్బరు ఉంగరం) చుక్క సిలికాన్ గ్రీజు రాయాలి. వాజలైన్, బండి గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోయే ప్రమాదం ఉంది. నీళ్లు వచ్చేచోట ఉండే జాలీని పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి, బోరు ఇసుక అంతా అక్కడే ఉంటుంది. బిగించేటప్పుడు మళ్లీ ఎదురెదురు స్క్రూలే. ముందు నీళ్లు మాత్రమే వదిలి పుల్ల దగ్గర చెమ్మ వస్తోందేమో చూడాలి, తర్వాత సెల్లులు, చివర గ్యాసు. గ్యాసు జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు చూడకుండా కవరు మూయొద్దు.

పుల్ల విషయంలో ఇంకో ప్రమాదం. ఉప్పు పట్టి ముందుకు తోసిన చోటే ఇరుక్కుపోతే కుళాయి కట్టినా మంట ఆరదు, పారని నీళ్లు కాయిల్లో, అంటే మంట వేడెక్కించే రాగి గొట్టంలో, మరిగిపోతాయి. అప్పుడు గీజర్ మీటలు తిప్పుతూ కూర్చోకుండా నేరుగా రెగ్యులేటర్ కట్టేయాలి. కాసేపు దాని దగ్గరికి వెళ్లొద్దు.

కొత్త డయాఫ్రమ్ వేసినా కొన్ని ఇళ్లలో వెలగదు. అక్కడ లెక్క ఎత్తుది. ఈ రకం గీజర్ల లేబుల్ మీద కనీస నీటి ఒత్తిడి సాధారణంగా 0.02 నుంచి 0.03 మెగాపాస్కల్ అని ఉంటుంది. ట్యాంకులో నీటిమట్టం గీజర్ కంటే ఒక మీటరు ఎత్తున ఉంటే వచ్చేది సుమారు 0.01. అంటే రెండు మూడు మీటర్ల ఎత్తు కావాలి, అదీ దారిలో ఏమీ పోకుండా. కింది అంతస్తులో భేషుగ్గా వెలిగే గీజరే, ట్యాంకు నెత్తిమీదే ఉన్న పై అంతస్తులో మొరాయించడానికి కారణం ఇదే. ట్యాంకు స్టాండు మీటరు పెంచడం, ట్యాంకు నుంచి గీజర్‌కు విడిగా ముప్పావంగుళం పైపు వేయడం, ఎల్బోలు (పైపు మలుపులు) తగ్గించడం, గీజర్ దగ్గర యాంగిల్ కాక్ బదులు పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వు పెట్టడం, ఈ వరసలో ప్రయత్నించండి. ఇవన్నీ చేసినా చాలకపోతేనే ప్రెషర్ పంపు. సన్న చిల్లుల హ్యాండ్ షవర్ ఉంటే విప్పి చూడండి, ఒక్కోసారి ఒత్తిడి మింగేది అదే.

మిక్సర్ కుళాయితో ఇంకో చిక్కు. వేడి ఎక్కువైందని చన్నీళ్ల వైపు తిప్పితే గీజర్ గుండా పారే ధార తగ్గుతుంది, తగ్గితే డయాఫ్రమ్ వదిలేస్తుంది, మంట పోతుంది, నెత్తిమీద చన్నీళ్లు. వేడిని కుళాయి దగ్గర కలపకుండా గీజర్ దగ్గరే పెట్టుకోవాలి. గ్యాసు తగ్గించండి, నీళ్ల ధార పెంచండి, ఎండాకాలం మోడ్‌లో పెట్టండి. ఇంకోటి, కుళాయి కట్టి వెంటనే తిప్పితే కాయిల్లో నిలిచిన నీళ్లు మొదట చుర్రుమని వస్తాయి, వాటి వెనక కాసిని చన్నీళ్లు, ఆ తర్వాత మామూలు వేడి. పిల్లలను షవర్ కింద నిలబెట్టి కుళాయి కట్టి తిప్పడం మంచిది కాదు.

బోరు నీళ్ల ఇళ్లకు ఉప్పు తప్పదు. మంజీరా నీళ్లొచ్చే ఇళ్లలో దీని బెడద తక్కువ, బోరు మీదే బతికే హైదరాబాద్ శివారు కాలనీల్లో వేడి నీళ్ల ధార ఏడాది తిరక్కుండానే సన్నబడటం చూడొచ్చు. చన్నీళ్ల ధార బాగుండి వేడి ధార ఒక్కటే తగ్గితే, గీజర్‌లోంచి కెటిల్ మరిగినట్టు గురగుర వినిపిస్తే, కాయిల్లో గార పట్టినట్టే. లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గ్యాసు కట్టి సెల్లులు తీసేసి, చిన్న కూలర్ పంపుతో ఒక కొసన లోపలికి పంపి రెండో కొస బకెట్‌లోకే వదిలేలా ముప్పావు గంట తిప్పాలి. బకెట్‌లో బుడగలు ఆగిపోతే కరిగేది కరిగినట్టు. తర్వాత మంచినీళ్లు ధారాళంగా వదిలి కడగాలి. బాత్రూం కడిగే యాసిడ్ పోయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. అది గారతో పాటు ఇత్తడి భాగాలను, రాగి గొట్టం అతుకులను కూడా తినేస్తుంది.

మంట రంగు వారానికోసారి చూడండి. నీలంగా ఉండాలి. పసుపు కొనలు వస్తున్నాయంటే బర్నర్‌కు గాలి అందట్లేదు. సాలెగూడో, దుమ్మో, పైన రేకుల మధ్య మసో అడ్డుపడి ఉంటుంది. ఇది రిపేరు సంగతి మాత్రమే కాదు, ప్రాణం సంగతి. గ్యాసు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఎల్పీజీకి లీకైతే తెలిసేలా వాసన కలుపుతారు, దీనికి ఏ వాసనా ఉండదు. తల బరువు, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం మొదలయ్యేసరికి తలుపు గడియ తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. చలికాలంలో కిటికీ మూసిన బాత్రూంలో పోయినవాళ్ల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. గీజర్ బాత్రూంలో పెట్టించొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని సర్దుకోవద్దు. గాలాడే బాల్కనీలోనో, యుటిలిటీలోనో గోడకు బిగించి, వేడి నీళ్ల పైపు ఒక్కటే లోపలికి రావాలి. సిలిండరూ బయటే, నిలువుగా. మామూలు ఇంటి రెగ్యులేటరే వాడాలి, ఒత్తిడి పెంచుకునే హోటల్ రెగ్యులేటర్ బిగించకూడదు.

కరెంటు లేకపోయినా వేడినీళ్లు వస్తాయని అందరికీ గొప్పగా చెప్పేవాణ్ని. ట్యాంకు ఎత్తు సరిపోని ఇంట్లో ప్రెషర్ పంపు పెట్టుకున్నాక ఆ మాట చెల్లదు. గ్యాసు ఖర్చు విషయంలోనూ కొంచెం దిగి రావాలి. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లను 25 డిగ్రీలు వేడెక్కిస్తే గంటకు కిలోకు కాస్త తక్కువ గ్యాసు కాలుతుంది, అంటే ఐదు నిమిషాల స్నానానికి 80 గ్రాముల దాకా. బాత్రూం దూరంగా ఉంటే పది మీటర్ల అరంగుళం పైపులో లీటరుకు పైగా నీళ్లు నిలబడి ఉంటాయి, ప్రతిసారీ అవి పారబోయాలి. అయినా వరసగా నలుగురు స్నానం చేసే పొద్దున పూట, 3 కిలోవాట్ల కరెంటు ఇన్‌స్టంట్ గీజర్ దీనికి సాటి రాదు. నిమిషానికి మూడు లీటర్ల ధారకు అది పెంచగలిగేది 14 డిగ్రీలే. సంక్రాంతి చలికి అవి గోరువెచ్చని నీళ్లు.

మా ఇంట్లో గీజర్‌కు బయట గోడ ఉంది, ట్యాంకు తగినంత ఎత్తున ఉంది, విప్పి చూసే ఓపిక ఉంది. అందుకే మళ్లీ కొనాల్సొచ్చినా ఇదే కొంటాను. బయట గోడ దొరకని అపార్ట్‌మెంటు ఫ్లాట్లకు, గీజర్ బిగించే చోటు ఇంటివాళ్లు నిర్ణయించే అద్దె ఇళ్లకు 15 లీటర్ల కరెంటు స్టోరేజి గీజరే తీసుకోమంటాను, నీళ్లు కాగేదాకా కాస్త ఆగాల్సొచ్చినా సరే.