బైకుకు సీల్డ్ బ్యాటరీ: తిరుపతి ఎండలో నాలుగేళ్ల వాడకం తర్వాత

150 సీసీ బండిలో 12 వోల్టుల 9 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే అంకె) సీల్డ్ (నీళ్లు పోయనక్కర్లేని) బ్యాటరీ ఒకటి, స్కూటరులో 12 వోల్టుల 5 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ ఒకటి. రెండూ తిరుపతిలో ఒకే కొట్లో కొన్నవి, ఒకే కంపెనీవి. బైకుది 4 ఏళ్ల 2 నెలలు పనిచేసింది. స్కూటరుది 19 నెలలకే పొట్ట ఉబ్బి పోయింది. అందుకే ఈ సమీక్షలో కంపెనీ పేరు రాయడం లేదు. ఒకే పేరున్న రెండు డబ్బాల్లో ఒకటి నాలుగేళ్లు నిలిచి, ఇంకొకటి రెండేళ్లు కూడా నిలవలేదంటే, తేడా పేరులో లేదు. కొన్న రోజు అది ఏ స్థితిలో ఉందో, బండి దానికి ఎంత వోల్టేజి పంపిందో అక్కడే ఉంది.

బైకు బ్యాటరీ అంకెలు ముందు చెబుతాను. రాత్రంతా నిలిపిన బండి మీద, ఉదయం తాళం తిప్పకముందు చూసినవి. మొదటి వారం 12.84 వోల్టులు. ఏడాదికి 12.76. రెండేళ్లకు 12.70. మూడేళ్లు దాటాక 12.58. చివరి నెలలో 12.31. సెల్ఫ్ నొక్కినప్పుడు కొత్తలో 11 దగ్గర ఆగేది, చివరికి 9 కంటే కిందికి జారిపోయింది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు వోల్టేజి 9.6 కిందికి పడితే బ్యాటరీ చివరి రోజుల్లో ఉన్నట్టే లెక్క. ఆ దశలో మళ్లీ మళ్లీ చార్జింగు పెట్టించి రోజులు గడపడం డబ్బు దండగ. చార్జ్ ఎక్కినట్టే కనిపిస్తుంది, రెండు రోజులకు మళ్లీ మొదటికొస్తుంది.

కొత్తది కొనబోయే ముందు, పోయింది బ్యాటరీయేనని తేల్చుకోవాలి. సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మంటే చాలు, బ్యాటరీ పోయిందని చాలామంది తీర్మానం చేసేస్తారు. మూడు నాలుగు వందల్లో దొరికే మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, రెండు ముల్లులూ నేరుగా బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు ఆనించి సెల్ఫ్ నొక్కండి. వోల్టేజి 8, 9కి పడిపోతే తప్పు బ్యాటరీది. టిక్ మన్నా కూడా 12.4 అలాగే నిలిచి ఉంటే కరెంటు స్టార్టరు దాకా పోవడం లేదన్నమాట. అప్పుడు చూడాల్సింది రిలే (స్టార్టరుకు కరెంటు కలిపే స్విచ్చు), స్టార్టరు బ్రష్షులు, ఇంజనుకు బిగించిన ఎర్తు వైరు. ఆ ఎర్తు బోల్టు తుప్పు పట్టడం వల్ల మంచి బ్యాటరీలు ఎన్నో ఎక్స్ఛేంజికి వెళ్లిపోతున్నాయి. ఇసుక కాగితంతో రుద్ది బిగిస్తే తీరే పని అది.

తర్వాత సైజు. బండి మాన్యువల్లో, పాత బ్యాటరీ మీద ఏహెచ్ అంకె ఉంటుంది. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండ్లకు ఇప్పుడు 3 ఏహెచ్ సీల్డ్, చాలా స్కూటర్లకు 3 నుంచి 5, పల్సర్ 150 లాంటి వాటికి 8 లేదా 9, సెల్ఫ్ ఉన్న పాత బుల్లెట్లకు 14. ఏహెచ్ ఒక్కటే చూస్తే చాలదు, కొలతలు కూడా సరిపోవాలి. 5 ఏహెచ్ డబ్బా సుమారు 114 మి.మీ. పొడవు, 71 వెడల్పు, 106 ఎత్తు. 4 ఏహెచ్‌ది పొడవు వెడల్పులు దాదాపు అంతే, ఎత్తు మాత్రం 85. కొట్లో 5 ఏహెచ్ లేదని 4 ఏహెచ్ అంటగడితే, బండిలో బ్యాటరీ పెట్టే తొట్టిలో బాగానే కూర్చుంటుంది. పైన మిగిలిన రెండు సెంటీమీటర్ల సందులో మాత్రం గుంతగుంతకూ ఎగిరిపడుతుంది. ఆ అదురుకే లోపలి పలకల అతుకులు విడతాయి. తప్పనిసరైతే కింద రబ్బరు షీటు వేసి, పట్టీ గట్టిగా బిగించండి. ఇంకా పెద్దది పెట్టించుకుంటే మంచిదా అని అడిగేవాళ్లున్నారు. తొట్టిలో సరిగ్గా పడితే ఒక ఏహెచ్ ఎక్కువైనా నష్టం లేదు. దాని కోసం తొట్టిని వంచి, వైర్లు సాగదీసి కూర్చోబెట్టడం మాత్రం వద్దు.

ప్లస్ ఏ వైపు ఉందో మరిచిపోవద్దు. టెర్మినళ్లు మన వైపుకు ఉండేలా పెట్టుకుని, ప్లస్ కుడిచేతి వైపు ఉందో ఎడమచేతి వైపు ఉందో పాతదానితో పోల్చండి. ఒకే కొలతల్లో రెండు రకాలూ వస్తాయి. తిరగబడినది తెచ్చి వైరు లాగి తగిలిస్తే ఫ్యూజు పోవడంతో ఆగితే అదృష్టం. లేకపోతే ఇంజను నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే రెక్టిఫైయరు కాలుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, కొట్లో గడిపే పది నిమిషాలు. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ, చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లెలో ఇంకో పెద్ద ప్లాంటు ఉన్నాయి కాబట్టి ఇక్కడ దొరికే బ్యాటరీలు వేడివేడిగా వస్తాయని మన వాళ్లలో ఒక నమ్మకం. సరుకు గోడౌనుకు, డిస్ట్రిబ్యూటరుకు వెళ్లి కదా కొట్టుకు చేరేది. ఫ్యాక్టరీ పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా, అటక మీద ఎనిమిది నెలలు కూర్చున్న బ్యాటరీ పాతదే. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే ఉన్నా నెలకు కొంత చార్జ్ కోల్పోతుంది. రేకుల కప్పు కింద, మే నెల వేడిలో ఇంకా త్వరగా కోల్పోతుంది. అలా ఖాళీ అయిన పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. తర్వాత ఎంత చార్జ్ పెట్టినా పూర్తిగా కరగదు.

కాబట్టి మొదట తయారీ తేదీ అడగండి. డబ్బా మీద కోడు రూపంలో ఉంటుంది, కంపెనీకో పద్ధతి. కొట్టాయన్నే చదివి చెప్పమని, బిల్లు మీద రాయించుకోండి. మూడు నెలల లోపుదైతే నిశ్చింతగా తీసుకోవచ్చు. ఆరు నెలలు దాటిందంటే వేరేది అడగండి, లేదంటే పక్క కొట్టుకు వెళ్లండి. తర్వాత మీ ఎదురుగానే మీటరు పెట్టించండి. 12.7 పైన ఉంటే బాగున్నట్టు. 12.5, 12.6 అయితే చార్జ్ చేశాకే బండికి వేయాలి. 12.5 కిందుంటే మొహమాటపడకుండా తిరిగి ఇచ్చేయండి. స్కూటరుకు కొన్నది కొట్లో 12.41 చూపించింది. నాలుగు రోజులు తిరిగితే అదే ఎక్కుతుందని చెబితే నమ్మి తెచ్చుకున్నది. ఎక్కదు. బండి చార్జింగు ఖర్చయింది నింపడానికే గానీ, అడుగంటిన బ్యాటరీని లేపడానికి కాదు.

కొన్ని సీల్డ్ బ్యాటరీలు పొడిగా వస్తాయి, ఆరు గొట్టాల యాసిడ్ ప్యాకు వేరుగా ఉంటుంది. కొట్లో నింపి మూత నొక్కి వెంటనే చేతిలో పెట్టేస్తారు. అది తొందరపాటు. యాసిడ్ దిగాక కనీసం అరగంట కదపకుండా ఉంచాలి, తర్వాత మెల్లగా చార్జ్ పెట్టాలి, ఆ తర్వాతే బండికి వేయాలి. సాయంత్రం వచ్చి తీసుకుంటానని చెప్పి వెళ్లండి. ఈ మొదటి చార్జ్ సరిగ్గా పడకపోతే 9 ఏహెచ్ అని రాసి ఉన్నది జీవితాంతం 7 లాగే నడుస్తుంది.

చార్జింగు కరెంటు ఏహెచ్‌లో పదో వంతు. 5 ఏహెచ్‌కు అర ఆంపియరు, 9 ఏహెచ్‌కు 0.9. వోల్టేజి 14.4, 14.5 దాటకూడదు. కారు బ్యాటరీలతో పాటు వరుసలో తగిలించే పాత ట్రాన్స్‌ఫార్మరు చార్జర్లకు ఈ బుజ్జి బ్యాటరీని ఇవ్వకండి. నీళ్లు పోసే పాత రకం బ్యాటరీలో బుడగలొచ్చి నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరు పోసుకోవచ్చు. సీల్డ్ దాంట్లో యాసిడ్ అంతా గాజు పీచు చాపల్లో ఇంకి ఉంటుంది. మామూలుగా లోపల పుట్టిన వాయువు లోపలే మళ్లీ నీరవుతుంది. చార్జ్ మితిమీరితే వాల్వు తెరుచుకుని ఆ వాయువు బయటికి పోతుంది, పోయిన నీరు ఇక తిరిగి రాదు. మూత పీకి సిరంజితో నీళ్లు పోసి రిపేరు చేస్తామనేవాళ్లూ ఉన్నారు. కొన్ని వారాలు నడుస్తుంది, ఈలోగా వారంటీ పోతుంది.

స్కూటరు బ్యాటరీ ఉబ్బడానికి కారణం కూడా ఇదే. బ్యాటరీ పోయాక గానీ బండి చార్జింగు ఎవరూ చూడలేదు. చూస్తే సగం యాక్సిలరేటరు దగ్గర 15.3 వోల్టులు వస్తోంది. ఉండాల్సింది 13.8 నుంచి 14.5 మధ్య. రెక్టిఫైయరు పాడై, రోజూ బ్యాటరీని ఉడకబెట్టింది. ఆ స్థితిలో కొత్త బ్యాటరీ వేసి ఉంటే అదీ అదే దారి పట్టేది. కొత్తది బిగించిన రోజే ఈ పరీక్ష చేయించండి: ఇంజను వేడెక్కాక, హెడ్‌లైటు వెలుగుతుండగా, మీటరు బ్యాటరీ మీద పెట్టి రేజు చేయాలి. 14.8 దాటితే రెక్టిఫైయరు. 13.3 కూడా రాకపోతే స్టేటరు కాయిలు (ఇంజను దగ్గర కరెంటు పుట్టించేది), లేదా కరిగిపోయిన కప్లరు (వైర్లను కలిపే ప్లాస్టిక్ జాయింటు). కప్లరు ముందు చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, తక్కువ ఖర్చులో పోతుంది.

వాడకం గురించి కొంత లెక్క. స్టార్టరు 50 ఆంపియర్ల చొప్పున మూడు సెకన్లు లాగినా ఖర్చయ్యేది 0.04 ఏహెచ్ మాత్రమే. సెల్ఫ్ ఎక్కువగా కొట్టడం వల్ల బ్యాటరీ పోయిందనే మాటలో పెద్దగా పస లేదు. అసలు నష్టం ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు జరుగుతుంది. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లలో హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. 35 వాట్ల బల్బంటే దాదాపు 3 ఆంపియర్లు. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో బ్రేకు పట్టుకుని, ఇండికేటరు వేసుకుని నిలబడితే వోల్టేజి 12.8కి దిగడం మీటరులో స్పష్టంగా కనిపిస్తుంది. ఇంటి నుంచి గాంధీ రోడ్డుకు, అక్కడి నుంచి బస్టాండుకు, రోజంతా రెండేసి కిలోమీటర్ల తిరుగుడే అయితే బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండదు. వారానికి ఒకసారైనా రేణిగుంట వైపో చంద్రగిరి వైపో ఆగకుండా అరగంట నడిపితే నిండుతుంది. బైకు బ్యాటరీ నాలుగేళ్లు రావడంలో ఈ అలవాటుకు పెద్ద వాటా ఉంది.

ఎండ సంగతి తీసిపారేయలేం. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది లెడ్ యాసిడ్ బ్యాటరీలకు పాత లెక్క. అలిపిరిలో బండి పెట్టి మెట్ల మీద కొండెక్కి, దర్శనం చేసుకుని వచ్చేసరికి రోజు గడిచిపోతుంది. ఆ రోజంతా సీటు కింద పెట్టె కాలుతూనే ఉంటుంది. నీడ దొరికితే పది అడుగులు ఎక్కువ నడవడానికి వెనకాడకండి.

సెలవుల్లో బండి వదిలి ఊరెళ్లే విద్యార్థులకు ఒక్క మాట. మైనస్ వైరు తీసి వెళ్లండి. తాళం తీసేసిన బండి కూడా కొన్ని మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 5 మిల్లీ ఆంపియర్లయితే రోజుకు 0.12 ఏహెచ్, అంటే 5 ఏహెచ్ బ్యాటరీ నలభై రోజుల్లో అడుగంటుతుంది. 25 మిల్లీ ఆంపియర్లు లాగే జీపీఎస్ ట్రాకరు ఉంటే ఎనిమిది రోజులే. మైనస్ వైరుకు, టెర్మినలుకు మధ్య మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి ఈ లీకేజి చూడొచ్చు. అలా ఉండగా తాళం తిప్పకండి, సెల్ఫ్ జోలికి అసలే వెళ్లకండి, మీటరు ఫ్యూజు పోతుంది. కిక్కు లేని బీఎస్-6 బండి బ్యాటరీ పూర్తిగా దిగిపోతే తోసినా లాభం ఉండదు. పెట్రోలు పంపుకూ ఇంజను కంప్యూటరుకూ కూడా ఆ కరెంటే కావాలి.

బిగించడం చిన్న పనే. తీసేటప్పుడు మైనస్ ముందు, వేసేటప్పుడు ప్లస్ ముందు. ప్లస్ విప్పుతూ స్పానరు ఛాసిస్‌కు తగిలినా మైనస్ ఊడి ఉంటే నిప్పు రాదు. టెర్మినల్ లోపల ఉండే చదరపు నట్టు కిందికి జారి బోల్టుకు అందదు, అందరినీ విసిగించేది అదే. నట్టు కింద చిన్న స్పాంజి ముక్క గానీ మడిచిన పాత ట్యూబు ముక్క గానీ పెడితే పైకి లేచి నిలబడుతుంది. సీసం మెత్తన, మరీ తిప్పితే మర చెడుతుంది, గట్టిగా పట్టాక ఆపేయండి. పైన కాస్త వాసలిన్ రాస్తే తెల్ల బూజు పట్టదు. పట్టిందంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి కడగండి.

బిల్లు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ బ్యాటరీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పాత ఎమ్మార్పీ స్టిక్కరు చూపించి అదే ధర అంటే అడగండి. వారంటీ కార్డు మీద 24+24 లాంటి అంకె ఉంటే, మొదటి 24 నెలలే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 24లో కొత్తదాని ధర మీద కొంత తగ్గింపు మాత్రమే, అదీ ఎమ్మార్పీ మీద లెక్క కడతారు. కొన్నిసార్లు ఆ తగ్గింపు కన్నా పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చి కౌంటరు ధరకు కొనడమే చవక. రెండు లెక్కలూ వేయించి చూడండి. ఉబ్బిన బ్యాటరీకి వారంటీ రాదు, తప్పు బండి చార్జింగుదని రాసి తిప్పి పంపుతారు. స్కూటరు బ్యాటరీకి జరిగింది అదే, ఆ మాటలో వాళ్ల తప్పేమీ లేదు.

పాతదాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. పగలగొట్టి యాసిడ్ కాలవలో పారబోస్తారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకోవడం కంపెనీల బాధ్యత, డీలరు దగ్గర దానికి ధర కూడా వస్తుంది. ఇచ్చేముందు రెండు బోల్టులు, రెండు నట్లు విప్పి జేబులో వేసుకోండి. కొత్త పెట్టెలో అవి ఒక్కోసారి ఉండవు.